మద్ది మీదిదా, కడిశ మీదిదా

అరకు,
11-9-1983.

చి. సత్యకుమారికి నాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ వేళకు తింటూ, పనులు చేసుకుంటూ బాగానే ఉన్నాం. నీకు జ్వరం తగ్గి మళ్ళీ లాబరేటరీకి వెళుతున్నావని చదివాక అమ్మ స్థిమితపడింది. హాస్టల్లో కాచి చల్లార్చిన నీళ్ళే తాగమని తన మాటగా రాయమంది. రాశాను.

పది రోజులుగా వాన విడవలేదు. క్వార్టరు ఖాళీ చేశాక చేరిన ఈ ఇల్లు స్టేషను వెనకే గనుక ఖనిజం మోసుకుపోయే గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గోడ మీది అద్దం అదురుతుంది. మొదట్లో చిరాకుగా ఉండేది. ఇప్పుడు బండి ఆలస్యమైతేనే తోచడం లేదు. అమ్మకు మోకాలి నొప్పి అలాగే ఉంది, ఎక్కువ కాలేదు. వంటింటి వైపు పెంకులు జారితే నేనే నిచ్చెన ఎక్కి సర్దాను. "యాభయ్యయిదుకే ఇంటికంపీసారని దిగులుపడ్డారు. ఇప్పుడు సూడండి, నాకు పెంకులు సర్దడానికి మనిషి దొరికాడు" అంది కింద నిచ్చెన పట్టుకుని. దిగులుపడ్డ మాట నిజమే. మార్చిలో ఆఫీసు తాళాలు అప్పగించిన దగ్గర్నుంచీ పొద్దు పోవడం కష్టంగానే ఉంది. వలిసెలు ఇంకా పూతకు రాలేదు. నువ్వు వచ్చేసరికి కొండవాలు పసుపు తిరుగుతుంది.

ఇక నీ ఉత్తరం సంగతి. సోమవారం అందింది. మూడుసార్లు చదివాను. పరీక్ష నిమిత్తం ఇంగ్లండు పంపిన పెట్టె తిరిగి వచ్చిందనీ, దాని మూత మీద ఎర్ర గీత ఉందనీ, ఆ గీత ఉంటే ఆ జాతికి అదే మూల నమూనా అనీ, ప్రపంచంలో ఎక్కడ ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూసి తీర్చుకోవాలనీ రాశావు. లోపల చీటీ మీద, సేకరించినవారు అన్నచోట నా పేరు చూసి నీ కళ్ళు చెమర్చాయని రాశావు. మీ ప్రొఫెసరు గారు అందరినీ పిలిచి, "ఈ అమ్మాయి ఆయన కూతురే" అని చెప్పారని కూడా రాశావు.

నువ్వు అడిగినవి ఇవి. ఆ మద్ది చెట్టు బతికున్నదా, ఎండినదా, పుట్టగొడుగు నేల నుంచి ఎంత ఎత్తున ఉంది? కొండవాళ్ళు దాన్ని మందుగా ఎలా వాడతారు? రెండు వానాకాలాలు ఇన్ని మద్ది చెట్లు వెతికినా మళ్ళీ ఒక్కటీ ఎందుకు దొరకలేదు? దసరాకు వస్తే మంగ్లును వెంటబెట్టుకుని ఆ చెట్టు దగ్గరికే వెళ్ళవచ్చా?

మొదటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ చెట్టును నేను చూడలేదు. మిగిలినవాటికి జవాబు ఉంది గానీ, జరిగింది జరిగిన వరసలో చెబితే తప్ప నీకు బోధపడదు. కాస్త పొడుగైనా చదువు.

మీ ప్రొఫెసరు గారు ఇక్కడికి వచ్చింది 1971 జూలైలో. రెండు ట్రంకు పెట్టెలతో, ఒక మైక్రోస్కోపుతో వచ్చి రెస్టు హౌసులో ఇరవై రోజులున్నారు. చెట్ల మానులకు అరల్లాగా పట్టుకుని పెరిగే గట్టి పుట్టగొడుగులు కావాలన్నారు. ఫీల్డ్ అసిస్టెంటును గనుక నన్ను ఆయనకు అప్పగించారు. పాలీపోరు అంటే ఏమిటో నాకప్పుడు తెలియదు. ఆయనే తిరగేసి చూపించారు. గొడుగు అడుగున మడతలుండవు, సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలుంటాయి. పై భాగం ఎర్రటి గోధుమ రంగులో, వార్నీషు పూసిన కుర్చీ చేతిలా మెరిసే రకాన్ని పూర్వం అన్నిటితో పాటు ఒకే కుప్పలో వేశారనీ, తర్వాత దాని విత్తనం లాంటి స్పోరుకు రెండు పొరల గోడ ఉందని గమనించి గానోడెర్మా అని వేరుచేశారనీ చెప్పారు. ఇవన్నీ నీకు తెలిసినవే. ఎస్సెస్సెల్సీతో ఆగిపోయిన నాకు నలభై మూడో ఏట అవి కొత్త. ఒక కొన కత్తిరించినట్టుండే ఆ స్పోరును మైక్రోస్కోపులో మొదటిసారి చూసినప్పుడు నేను ఆయన పిలిచినా పలకలేదట.

"వర్గీకరణ అంటే పేరు పెట్టడం కాదండీ సర్వేశ్వరరావు గారూ. ఇది దేనికి చుట్టమో కనిపెట్టడం" అనేవారు.

మంగ్లు మాకు దారి చూపించేవాడు. నీకు అతను లీలగా గుర్తుండాలి. పోర్జా తెగ మనిషి, డుంబ్రిగుడ దాటి మూడు గంటలు ఎక్కితే వచ్చే ఊరు. చిన్నప్పుడు నీకు వెదురు బొంగులో తేనె తెచ్చేవాడు. అతని తండ్రి మందులిచ్చేవాడు. మంగ్లు కూడా ఇస్తాడు గానీ అడిగితే, సామలు పండించుకునేవాణ్ణనే చెబుతాడు. కొండవాళ్ళ అలవాటు ప్రకారం కలెక్టరునైనా నువ్వనే అంటాడు.

ప్రొఫెసరు గారు దిగిపోవడానికి ముందు రోజు అతను రెండు అడ్డాకు పొట్లాలు తెచ్చి వరండాలో విప్పాడు. రెంటిలోనూ చెరొక పుట్టగొడుగు. అదే ఎరుపు, అదే మెరుపు, అదే పొట్టి కాడ.

ప్రొఫెసరు గారు భూతద్దం పెట్టి చూశారు. "రెండూ ఒకటే. గానోడెర్మా లూసిడమ్. దీన్ని చైనావాళ్ళు కూడా మందుగా తాగుతారు" అన్నారు.

"ఒకటి కాదు బాబూ" అన్నాడు మంగ్లు. "ఇది మద్ది మీదది, మందు. అది కడిశ మీదది, మందు కాదు. రెండూ పక్కపక్కన ఎట్టి సూపిద్దామని తెచ్చినాను."

కడిశ విషపు చెట్టని నీకు తెలుసు. పశువులు కూడా దాని ఆకు ముట్టవు.

"ఏ చెట్టు మీద పుడితేనేం మంగ్లూ, పుట్టగొడుగు అదే కదా?" అన్నారు ప్రొఫెసరు గారు.

"అదే అయితే కడిశది నువ్వు తాగు బాబూ. నేను కూకుని సూత్తాను."

ప్రొఫెసరు గారు పెద్దగా నవ్వారు. ఆయనకు కోపం రాలేదు. "మనిషి కడుపులో అది ఏం చేస్తుందని శాస్త్రం అడగదు. రంధ్రాలు చూస్తుంది, స్పోర్లు చూస్తుంది" అని అతనికి నచ్చజెప్పబోయి, మళ్ళీ ఆగి, నా వైపు తిరిగి, "అయినా ఎందుకైనా మంచిది. రెండూ విడివిడిగా ఎండబెట్టి పంపండి. అక్కడ కోసి చూస్తాను" అన్నారు. మర్నాడు రైలెక్కారు.

వానాకాలం గనుక ఎండబెట్టడమంటే కుంపటి మీదే. ఆఫీసు వెనక వసారాలో కుంపటి మీద ఇనుప జాలీ పరిచి రెండూ దాని మీద పెట్టాను. ఒక్కొక్క కాడకు దారంతో చీటీ కట్టాను. ఒకదాని మీద మద్ది, ఒకదాని మీద కడిశ. అంతకు ముందు రోజే మంగ్లుకు చీటీ కట్టకుండా ఏ వస్తువూ తేకూడదని పాఠం చెప్పి ఉన్నాను. ఆ సాయంత్రం నాకు చలిజ్వరం వచ్చి రెండు రోజులు మంచం మీదే ఉన్నాను. మూడో రోజు లేచి వెళ్ళి చూస్తే దారాలు రెండూ వేడికి కమిలి తెగిపోయి ఉన్నాయి. చీటీలు కింద బూడిదలో పడి ఉన్నాయి. జాలీ మీద రెండు పుట్టగొడుగులు ముడుచుకుపోయి, ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉన్నాయి.

తిప్పి తిప్పి చూశాను. భూతద్దం పెట్టి చూశాను. ఏది ఏదో తెలియలేదు. సోమవారం రైలుకు పంపమని ప్రొఫెసరు గారి టెలిగ్రాం బల్ల మీద ఉంది. కొంచెం పెద్దదానికి మద్ది చీటీ కట్టాను, చిన్నదానికి కడిశ చీటీ కట్టాను. పెద్దదానికే ఎందుకంటే కారణం లేదు.

ఆ రోజే మంగ్లు ఆఫీసుకు వచ్చాడు. వరండాలో కూర్చుని తడిసిన గొంగడి పిండుకుంటున్నాడు. నేను రెండూ అతని ముందు పెట్టి ఒక్క మాట అడగవలసింది. ఎండినదాన్ని అతనైనా పోల్చలేకపోతే మళ్ళీ వెళ్ళి వేరేవి కోసుకు వచ్చేవాడు. అడగలేదు. చీటీల గురించి పాఠం చెప్పినవాణ్ణి, చీటీలు పోగొట్టుకున్నానని అక్షరం రాని మనిషి ముందు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. అంతకు మించి పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని పన్నెండేళ్ళుగా వెతుకుతున్నాను. లేదు.

ఒక్కొక్కదాన్ని రంపంతో రెండు సగాలు చేసి, చెరొక సగం పంపి, మిగిలినవి ఆఫీసు బీరువాలో చీటీలతో సహా పెట్టాను. సేకరించినవారు అన్నచోట నా పేరు రాశాను. "స్వయంగా చెట్టు మీద చూసి కోసినది" అని కూడా రాశాను. అలా రాయమని ప్రొఫెసరు గారు అడగలేదు.

రెండు నెలల తర్వాత ఆయన దగ్గర్నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. కడిశ అని రాసినది మామూలు లూసిడమే. మద్ది అని రాసినదాని స్పోర్లు మాత్రం కొలతలోనూ పై గరుకులోనూ వేరట. ఎక్కడా ఎవరూ వర్ణించనిదట. "మీ మంగ్లు అన్నదే నిజమైంది, ఇవి రెండు" అని రాశారు. ఆ మాట మంగ్లుకు చెబితే, "మరేటి" అన్నాడు, అంతే. 1973లో వ్యాసం అచ్చయింది. జాతి పేరు పక్కన మన లోయ పేరు లాటిన్ తోకతో ఉంది. ఆవాసం నల్లమద్ది అనీ, గిరిజనులు ఒంటి వాపులకు మందుగా వాడతారనీ ఉంది. చివర నాకు కృతజ్ఞతలున్నాయి. ఆ పేజీని ఫ్రేము కట్టించి క్వార్టరు ముందు గదిలో పెట్టాను. నువ్వు నీ స్నేహితురాళ్ళకు చూపించేదానివి.

ఇంతవరకే అయితే ఇది ఒక గుమాస్తా తప్పు. చీటీలు సరిగ్గానే పడి ఉండవచ్చు కదా అని నేనూ సమాధానం చెప్పుకున్నాను. పడ్డాయో లేదో సగానికి సగం అవకాశం. మూడేళ్ళ పాటు ఆ సగం మీదే నిశ్చింతగా ఉన్నాను.

1974 ఆగస్టు. నువ్వు విజయనగరంలో ఇంటరు చదువుతున్నావు. నాలుగు గంటల వేళ మంగ్లు తలనుంచి నీళ్ళు కారుతూ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాడు. పొద్దున బయలుదేరి వానలో నడిచి వచ్చాడు. అతని భార్య చిట్టెమ్మ నీకు గుర్తులేదేమో. సంతకు వచ్చినప్పుడు మనింటికి పసుపు కొమ్ములు తెచ్చేది, మీ అమ్మతో వాకిట్లో కూర్చుని చాలాసేపు మాట్లాడేది.

"సిట్టెమ్మకి ఒళ్ళంతా నీరు పట్టీసింది బాబూ" అన్నాడు. "మొకం వాసిపోయి కళ్ళు అవుపడ్డం లేదు. ఊపిరి ఎగేస్తంది. ఈ యేడు మద్ది మీద గొడుగు పుట్టనే లేదు, మూడు కొండలు తిరిగినాను. నీ బీరువాలో నేను తెచ్చినది సగం ఉంది గదా. అది ఇయ్యి."

బీరువా తెరిచాను. రెండు సగాలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. ఏది మద్దిదో నాకు తెలియదు మంగ్లూ, ఆమెను ఆసుపత్రికి తెద్దాం పద అని. ఆఫీసు జీపు వాకిట్లోనే ఉంది, డ్రైవరు టీ తాగుతున్నాడు, డుంబ్రిగుడ వరకు రోడ్డు బాగానే ఉంది. ఇవన్నీ నేను తర్వాత లెక్క వేసుకున్నవి. ఆ నిమిషాన నా చెయ్యి చీటీ చదివింది. మద్ది అని ఉన్న సగం అతనికి ఇచ్చాను.

"ఇదే. తీసుకో" అన్నాను.

అతను దాన్ని వాసన చూసి, గుడ్డలో చుట్టి, గొంగడి లోపల పెట్టుకుని వెళ్ళిపోయాడు. టీ తాగి వెళ్ళమన్నాను. ఆగలేదు.

ఐదో రోజున చిట్టెమ్మ పోయిందని సంతలో తెలిసింది. మీ అమ్మ ఏడ్చింది. నేను వాళ్ళ ఊరు వెళ్ళలేదు. వానలని చెప్పాను.

పది పన్నెండు రోజులకు మంగ్లు వచ్చాడు. మెట్లు ఎక్కలేదు.

"బాబూ, నాకిచ్చినది మద్ది మీదదేనా?"

"అవును" అన్నాను.

"నువ్వు సూసినావా?"

"నేనే చూశాను."

కాసేపు నా వైపు చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పనికి రాలేదు. సంతలో ఎదురైతే పక్క వరసలోకి తిరిగేవాడు. భార్య పోయిన దుఃఖం అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉండేది. లోపల మాత్రం, కడిశ మీదిది చిట్టెమ్మ చేత నేనే తాగించానేమో అన్న భయం ఉండేది. అది రోజూ బాధపెట్టేదని రాస్తే అబద్ధం. నెలకు ఒకటి రెండుసార్లు, ఎక్కువగా అన్నం తినేటప్పుడు వచ్చేది.

మంగ్లు గురించి అడుగుతూ నీ ఉత్తరం అందిన రోజున, అంటే సోమవారమే, నేను నీకు ఒక ఉత్తరం రాశాను. అతను ఊరు వదిలి ఒరిస్సా వైపు వెళ్ళిపోయాడనీ, ఆ చెట్టు గాలివానకు పడిపోయిందనీ రాశాను. చక్కగా, నమ్మేలాగా వచ్చింది. ఒక రోజు బల్ల మీద పెట్టుకుని, చించేశాను. నువ్వు ఇంకో రెండు వానాకాలాలు మద్ది చెట్ల చుట్టూ తిరుగుతావని అర్థమై చించాను. నీ లాబరేటరీలో దాని కషాయం తీసి ఎలకలకు పట్టించబోతున్నామని కూడా రాశావు. ఉద్యోగం అయిపోయాక ఒప్పుకోవడంలో పెద్ద ధైర్యం ఏమీ లేదు. అది నాకు తెలుసు, నువ్వూ తెలుసుకో.

గురువారం పొద్దున్నే డుంబ్రిగుడ బస్సెక్కి, అక్కడి నుంచి నడిచాను. అమ్మకు పాత స్నేహితుణ్ణి చూసి వస్తానని చెప్పాను. దారిలో కొండవాగు, అదే గెడ్డ, నిండుగా ఉంది, గుండ్రాళ్ళ మీద కాలు జారి మోచెయ్యి గీసుకుపోయింది. మంగ్లు వాళ్ళ పొలం చెక్కలో సామ చేను కలుపు తీస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. కోడలు పిల్ల చోడి అంబలి తెచ్చి ఇచ్చింది. తాగాను. తర్వాత అంతా చెప్పాను. కుంపటి, దారాలు, జ్వరం, అడగకపోవడం, బీరువా. ఇన్నేళ్ళు మోసిన సంగతి చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. అతను కలుపు తీస్తూనే విన్నాడు.

ఆ సాలు చివరికి వచ్చాక అన్నాడు. "మరిగించినాను బాబూ. నీళ్ళు నల్లగా దిగినాయి. మద్దిదైతే ఎర్రగా దిగుతాది. కడిశదే నల్లగా దిగుతాది. సూసిన ఎంటనే పెరట్లో పారబోసీసినాను. దాని నోట సుక్క పొయ్యలేదు."

 "తెలిసే వచ్చి నన్నెందుకు అడిగావు?" అన్నాను.

"నువ్వు సెప్తావేమోనని అడిగినాను" అన్నాడు.

ఇంకా చెప్పాడు, అడక్కుండానే. గొంతు పెంచలేదు. "నీ కాడికి రావడం ఒక రోజు, ఎళ్ళడం ఒక రోజు. ఆ తెల్లారి డోలీ కట్టినాం. గెడ్డ దాటినాక మరి లేదు. తెలీదని నువ్వు ఆ పూటే అన్నావంటే ఎనక్కి పరిగెట్టీవాణ్ణి, మొదటి రోజే డోలీ కట్టీసీవాణ్ణి. బతికీదో లేదో ఎవుడికి తెలుసు. కట్టీసీవాణ్ణి."

జీపు సంగతి అతనికి నేను చెప్పాను. అది కూడా తెలియాలనిపించింది.  అతను ఒక కలుపు మొక్క వేరు విదిలించి గట్టు మీద వేశాడు.

విషం తాగించానేమో అన్న భయం ఆ రోజుతో పోయింది. అందువల్ల నేను తేలికపడ్డానని నువ్వు అనుకుంటావని రాస్తున్నాను, పడలేదు.

శుక్రవారం ఆఫీసుకు వెళ్ళి, నా స్థానంలో వచ్చినాయన్ని అడిగి, కడిశ అని నేను రాసిన రెండో సగంలోంచి బొటనవేలంత ముక్క తెచ్చాను. మన పొయ్యి మీద చిన్న గిన్నెలో మరిగించాను. నీళ్ళు ఎర్రగా దిగాయి, పలచటి టీ లాగా.

"ఏటండీ అది, కసాయమా? ఎవరికి బాగోనేదు?" అంది అమ్మ.

పీట మీద కూర్చోబెట్టి ఆవిడకూ చెప్పాను. మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చింది. "జీపు వాకిట్లోనే ఉందా?" అంది. ఉందన్నాను. లేచి గిన్నె దింపి, పొయ్యి ఆర్పి, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు, నిన్న నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఇవాళ పొద్దున కాఫీ ఇస్తూ, "మన గుంటకి రాయండి. ఉన్నదున్నట్టు రాయండి. సదివేక అదేం అనుకున్నా పడండి" అంది. అందుకని ఈ ఉత్తరం ఇవాళ రాస్తున్నాను.

కాబట్టి నీకు పనికొచ్చే సంగతి ఇది. చీటీలు తారుమారయ్యాయి. మీరు కొత్త జాతి అన్నది కడిశ మీదిది, మద్ది మీదిది కాదు. అందుకే మద్ది చెట్ల మీద నీకు అది దొరకలేదు. కొండవాళ్ళు మందుగా తాగేది పాత లూసిడమే, కొత్తది వాళ్ళు ముట్టరు. గిన్నెలో నీళ్ళ రంగు ఒక్కసారి చూసి శాస్త్రం ఒప్పుకోదని నాకు తెలుసు. రెండు చెట్ల మీద నుంచీ తాజాగా కోసి, ఆ స్పోర్లు మూల నమూనాతో పోల్చి నువ్వే తేల్చాలి. అంతవరకు కషాయం పని ఆపించు. మీ ప్రొఫెసరు గారికి వేరే కాగితం మీద అన్ని తేదీలతో రాసి, సంతకం చేసి దీనితో జత చేశాను. ఆయన వచ్చే ఏడు రిటైరవుతారు. బాధపడతారు. నీ మీద చిరాకు పడినా పడవచ్చు. కాగితం ఇచ్చేటప్పుడు నా తరఫున వాదించకు. ఆ పెట్టె మీద సేకరించినవారి పేరు దిద్దే పద్ధతి మీలో ఏదైనా ఉంటే, పాంగి మంగ్లు అని రాయించు.

ఇక నీ చివరి ప్రశ్న. వెళ్ళేముందు నీ గురించి మంగ్లుకు చెప్పాను. మా అమ్మాయి ఈ గొడుగుల మీదే చదువుతోంది, దసరాకు వస్తుంది, నిన్ను చెట్లు చూపించమని అడగమంది అన్నాను.

"తేనె తినీ గుంటేనా?" అన్నాడు.

"ఆ, అదే. సత్య."

"అదీ నీ లాగే రాత్తాదా?"

"లేదు. చూసిందే రాస్తుంది" అన్నాను. నీ తరఫున మాట ఇచ్చాను, అడక్కుండా.

అతను చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. తర్వాత, "అయితే రమ్మను. మద్ది సూపిత్తాను, కడిశ సూపిత్తాను. దాని ముందరే కోసి దాని సేతికే ఇత్తాను. రెండూ మరిగించి కూడా సూపిత్తాను" అన్నాడు. నేను కర్ర తీసుకుని లేచి గట్టు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"నువ్వు మాత్రం రాకు బాబూ."

దసరా వెళ్ళిన మొదటి సంత రోజున అతను డుంబ్రిగుడలో నీ కోసం చూస్తూ ఉంటాడు. గొంగడి, గట్టి చెప్పులు తెచ్చుకో, దారంతా జారుడు. నిన్ను అరకులో బస్సెక్కించి నేను ఇంటికి వచ్చేస్తాను.

ఇట్లు,
మీ నాన్న,
సర్వేశ్వరరావు.